వాద్యం చెప్పిన కథ, కొల్లేరు చెప్పాల్సిన కథ



తెల్లవారుజామున రేడియో పెట్టగానే ముందు మనిషి గొంతు వినిపించదు. తంబురా శ్రుతి మీద వయొలిన్ పలికే ఒక చిన్న బాణీ వినిపిస్తుంది. అందులో శివరంజని ఛాయలున్నాయని సంగీతం తెలిసినవాళ్లు చెబుతారు. ఆ బాణీ కట్టిన ఘనత వాల్టర్ కాఫ్‌మన్‌ది. ఆయన బొహీమియా సీమలో పుట్టిన యూదు సంగీతకారుడు. 1934లో బొంబాయి చేరి, అక్కడి రేడియోలో పాశ్చాత్య సంగీత విభాగం చూసుకున్నారు. ఆయన పేరు తెలియని ఇళ్లలో కూడా ఆ బాణీ ఏం చెబుతుందో తెలుసు. స్టేషన్ తెరిచారు, పొద్దు పొడిచింది, లేవండి అంటుంది. అలాగే దేశ నాయకులు ఎవరైనా కన్నుమూసిన రోజున రేడియోలో సినిమా పాటలు ఆగిపోయేవి. సారంగో, వీణో, షెహనాయో మంద్రంగా సాగుతూ ఉండేది. వార్తల వేళ దాకా ఆగకుండానే అరుగు మీద కూర్చున్న పెద్దలు తలలు వంచుకునేవారు. కబురు ముందు వాద్యం నోటే వచ్చేది.

వాద్యానికి మాట లేదు. రాముడు అనలేదు, సీత అనలేదు. నిన్న అనలేదు, రేపు అనలేదు. అవునూ కాదూ చెప్పలేదు. కథకు కావలసిన సరంజామా ఏదీ దాని దగ్గర లేనట్టే కనిపిస్తుంది. అయినా కథ చెబుతుంది, మనం నవ్వుతాం, కంటతడి పెడతాం. ఇది ఎలా జరుగుతుందో ఏలూరు, తాడేపల్లిగూడెం, పాలకొల్లు, కొల్లేటి లంకల నడుమ నుంచే చూద్దాం. దూరం పోనక్కర్లేదు, సాక్ష్యాలన్నీ మన సీమలోనే ఉన్నాయి.

నాకు అర్థమైన సంగతి ముందే చెబుతాను. వాద్యం చెప్పే కథలో సగం వాయించేవారి చేతిలో ఉంటుంది, మిగతా సగం వినేవారి జ్ఞాపకంలో ఉంటుంది. ఆ రెండూ కలిస్తేనే కథ పూర్తవుతుంది. వినేవారి దగ్గర ఉండాల్సిన సగం చెరిగిపోతే, ఎంత గొప్ప వాద్యమైనా చెవికి ఇంపైన చప్పుడుగా మిగిలిపోతుంది.

డప్పుతో మొదలుపెడదాం. వేపచెక్క చట్రానికి మేకతోలు బిగించి, వాయించే ముందు గడ్డిమంట మీద కాస్తారు. తోలు బిర్రుగా అయ్యాక కుడిచేతి సిర్రతో, ఎడమచేతి సిటికెన పుల్లతో వాయిస్తారు. ఊళ్లో చాటింపు వేయాలంటే ఒక దెబ్బ. అమ్మవారి జాతరకు ఒక దెబ్బ. పెళ్లి ఊరేగింపుకు ఒకటి, శవయాత్రకు ఒకటి. పొలంలో ఒంగి నాట్లు వేస్తున్న మనిషి తల ఎత్తకుండానే ఊళ్లో ఏం జరుగుతోందో ఆ దెబ్బతో పోల్చుకునేది. దెబ్బ దగ్గరవుతోందా, దూరమవుతోందా అన్నదాన్ని బట్టి ఊరేగింపు ఏ వీధిలో ఉందో తెలిసేది. లయ నెమ్మదించిందంటే శవం శ్మశానం దారి పట్టిందని అర్థం చేసుకునేవారు. ఏం జరుగుతోంది, ఎక్కడ, ఎంతవరకు వచ్చింది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు తోలు మీద దొరికేది. కథకు ఇంతకంటే ఏం కావాలి?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఊరికి ప్రతి కబురూ మోసిన ఆ చేతులను ఊరు తన నడుమ కూర్చోబెట్టుకోలేదు. పుట్టుక నుంచి చావు దాకా మన ఇంటి కథలన్నిటికీ లయ కట్టినవారిని ఊరి చివర ఉంచాం. ఆ విద్యను సంగీతం అనడానికి కూడా చాలాకాలం నోరు రాలేదు. ఇవాళ వాద్యకథ గురించి మాట్లాడేవాళ్లు ముందుగా ఆ కళాకారులకు నమస్కారం పెట్టి మొదలుపెట్టాలి. నేను పెడుతున్నాను.

రెండో సాక్ష్యం పెళ్లిమేళం. సన్నాయి, డోలు, శ్రుతిపెట్టె. పెళ్లిపందిట్లో కూర్చున్నవారికి కళ్లు ఉన్నాయి, చూస్తారు. వంటశాలలో గరిటె పట్టుకున్నవారికి, విడిదింట్లో చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్న వియ్యపురాలికి, పెరట్లో పిల్లాణ్ని ఆడిస్తున్న తాతగారికి చెవులే ఆధారం. ఎదురుకోలు సమయంలో మేళం హుషారుగా నడుస్తుంది. గౌరీపూజ వేళ నిదానిస్తుంది. పురోహితుడు చెయ్యెత్తి గట్టిమేళం అనగానే అప్పటిదాకా సాగుతున్న రాగం ఎక్కడిదక్కడ ఆగి, డోలూ సన్నాయీ ఒక్కసారిగా పైకి లేస్తాయి. అశుభమైన మాటగానీ తుమ్ముగానీ ఆ క్షణాన ఎవరి చెవినా పడకూడదని పెద్దలు పెట్టిన ఏర్పాటు అది. ఆ ధ్వనికి ఇల్లంతా ఎక్కడున్నవారు అక్కడే చేతిలో అక్షతలు పట్టుకుంటారు. తలంబ్రాల దగ్గర వధూవరుల పోటీ డోలు మీద వినిపిస్తుంది. చివరకు అప్పగింతలు. సన్నాయి విద్వాంసుడు కింది స్థాయిలోకి దిగి, స్వరాన్ని జారుగా లాగి వదిలేసరికి, అప్పటిదాకా పనుల హడావుడిలో ఉన్న పిల్ల తండ్రి స్తంభం చాటుకు వెళతాడు.

ఆ సన్నాయి ఏడుపు అన్న మాట అనలేదు. మరి ఆయనకు ఎందుకు దుఃఖం వచ్చింది? తన అక్కచెల్లెళ్ల పెళ్లిళ్లలో, ఇరుగుపొరుగు పెళ్లిళ్లలో, అదే ఘట్టంలో అలాంటి జారు స్వరం విన్నాడు గనక. చిన్ననాటి నుంచి ఆ శబ్దం, ఆ సన్నివేశం అతని లోపల ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. సన్నాయి ఒక కొస లాగితే రెండో కొస కదిలింది. సంక్రాంతికి వచ్చే గంగిరెద్దులవారి సన్నాయి కూడా ఈ రహస్యం మీదే బతికింది. పాట అందరికీ తెలిసినదైతే చాలు, మాట లేకుండానే వీధిలో పిల్లలు దాని చరణం అందుకుంటారు.

మూడో సాక్ష్యం హార్మోనియం. గోదావరి, కృష్ణా జిల్లాల్లో పద్యనాటకం ఆడని ఊరు తక్కువ. రంగస్థలం మీద ఒక పక్కగా, జనానికి కనపడేట్టుగా హార్మోనిస్టు కూర్చుంటాడు. ఆయన పని శ్రుతి ఇవ్వడంతో ఆగదు. నటుడు తెర దాటి రాకముందే వచ్చేది రాజో, రాయబారో, బిచ్చగత్తెగా మారిన రాణో ఆయన వేళ్లు చెప్పేస్తాయి. నటుడు పద్యం ఎత్తుకుని రాగం తీసి ఊపిరి పీల్చుకునేలోపు, ఆ రాగపు తోకను అందుకుని తిప్పి అప్పగిస్తాడు. హరిశ్చంద్ర నాటకంలో కాటి సీనుకు తెర లేవకముందే హార్మోనియం మంద్రంలోకి వెళ్లి మెల్లగా నడిస్తే, జనంలో గుసగుసలు ఆగిపోతాయి. అప్పటికి హరిశ్చంద్రుడు నోరు విప్పనే లేదు. తాడేపల్లిగూడెంలో స్థిరపడ్డ సినిమా హాస్యనటులు రేలంగి వెంకట్రామయ్యగారు కూడా ఇలాంటి సంగీతపు ఇంట్లోంచే వచ్చారు. ఆయన తండ్రి హరికథ, సంగీతం నేర్పేవారు. తెర మీద రేలంగిగారి విరుపులో, ఆపడంలో ఉన్న తాళజ్ఞానం మీరందరూ ఎరిగినదే.

ఈ హార్మోనియాన్నే రేడియో 1940లో తన గడప తొక్కనివ్వలేదు. మెట్టు మెట్టుగా బిగించిన స్వరాల మీద మన గమకం పలకదన్నది పెద్దల అభ్యంతరం. ఆ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. 1971 నుంచి ఆ నిషేధం సడలింది. ఆ మూడు దశాబ్దాల్లోనూ పల్లె నాటకాల పందిళ్లలో హార్మోనియం ఆగలేదు. గమకం తక్కువైనా కథ తక్కువ కాలేదు. వినేవారి దగ్గర హరిశ్చంద్రుడు ముందే ఉన్నాడు, హార్మోనియం పిలిస్తే వచ్చాడు.

ఇక శాస్త్రీయ సంగీతానికి వద్దాం. కచేరీలో వయొలిన్ విద్వాంసుడు ఒక త్యాగరాజ కృతి వాయిస్తాడు. పాడేవారు లేరు. సాహిత్యం ఎక్కడుంది? అతని కమానులో ఉంది. బాగా నేర్చినవారు సాహిత్యం నోటికి రాకుండా కృతి వాయించరు. దీర్ఘాక్షరం వచ్చిన చోట కమాను నిండుగా సాగుతుంది. ద్విత్వాక్షరం దగ్గర చిన్న ఒత్తు పడుతుంది. మాట ముగిసిన చోట కమాను తిరుగుతుంది, మాట మధ్యలో తిరగదు. వీణ మీద అయితే అక్షరం మొదలైన చోట మీటు పడుతుంది. ఆ అక్షరంలోని అచ్చు ఎంతసేపు సాగాలో అంతసేపు అదే మీటు మీద తీగను లాగి గమకం పలికిస్తారు. మాట మధ్యలో అనవసరంగా మీటు పడితే పదం విరిగిపోతుంది. సంగతులు కూడా అంతే. ఒకే పాదాన్ని మళ్లీ మళ్లీ వాయిస్తూ, ఒకసారి ఒక మాట మీద, ఇంకోసారి మరో మాట మీద బరువు వేస్తారు. మొదటి సంగతిలో అడిగినట్టున్నది మూడో సంగతికి బతిమాలినట్టవుతుంది, అయిదో సంగతికి నిలదీసినట్టవుతుంది. కథ అలా పెరుగుతుంది.

ఈ విద్యకు మన ఏలూరు పక్కనే ఒక పెద్ద చిరునామా ఉంది. సోమవరప్పాడు. అన్నవరపు రామస్వామిగారు 1926లో అక్కడ పుట్టారు. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి దగ్గర శిష్యరికం చేశారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారికీ పంతులుగారే గురువు. పంతులుగారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రిగారు, వారి గురువు త్యాగరాజస్వామి శిష్యుడైన మానాంబుచావడి వెంకటసుబ్బయ్యగారు. అంటే త్యాగయ్య నోట పుట్టిన మాట నాలుగు తరాలు దాటి సోమవరప్పాడు బిడ్డ కమాను దాకా నడిచి వచ్చింది. విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైన 1948 నుంచి 1986 దాకా రామస్వామిగారు అక్కడే పనిచేశారు. ఎందరో గాయకులకు పక్కవాద్యం వాయించారు, సోలో కచేరీలు చేశారు, వందన, శ్రీదుర్గ వంటి కొత్త రాగాలు కల్పించారు, గురుకుల పద్ధతిలో శిష్యులను తయారుచేశారు. 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఏలూరులో, దెందులూరులో రేడియో విన్న ఎన్నో ఇళ్లకు వయొలిన్ తెలుగు మాట్లాడుతుందని తెలిసింది ఆయన వంటివారి వల్లనే. అంతకుముందు తరంలో విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్‌ను పాటగాడి పక్క నుంచి తీసుకొచ్చి కచేరీ నడుమ కూర్చోబెట్టారు. ఒంటరిగా కథ నడపగలదని రుజువు చేశారు.

పాలకొల్లులో 1969లో ఉప్పలపు శ్రీనివాస్ పుట్టారు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించేవారు. ఇంట్లో ఉన్న మాండలిన్ పసివాడి చేతికి వచ్చింది. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజుగారు గురువయ్యారు. ఆయన గాయకులు, మాండలిన్ వాయించరు. గురువు పాడేవారు, శిష్యుడు దాన్ని తీగ మీద వెతుక్కునేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేరు. మాట ఎలా పలకాలో, ఊపిరి ఎక్కడ ఆగాలో మాత్రమే చెప్పారు. మాండలిన్ ఇటలీ నుంచి వచ్చిన వాద్యం. స్వరం టక్కున పలికి టక్కున ఆరిపోతుంది. నాలుగు జతల తీగలుంటాయి, జంట తీగను లాగి గమకం తీయడం చాలా కష్టం. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్ తీసుకుని, జంటలు తీసేసి అయిదు ఒంటి తీగలు కట్టుకున్నారు. దాంతో స్వరం నిలిచింది, తీగ వంగింది, పరాయి వాద్యం త్యాగయ్య తెలుగును స్పష్టంగా పలికింది. తొలి కచేరీ 1978లో, కొల్లేటికి ఆ పక్కనున్న గుడివాడలో, త్యాగరాజ ఆరాధన ఉత్సవాల్లో జరిగింది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్ల వయసులో కన్నుమూశారు. ఆ రోజు తెలుగు ఇళ్లలో కలిగిన దుఃఖం ఇంకా తీరలేదు.

బెర్లిన్ శ్రోతలకు తెలుగు రాదు. త్యాగయ్య ఎవరో తెలియదు. అయినా లేచి నిలబడి చప్పట్లు కొట్టారంటే మరి నా సిద్ధాంతం ఏమవుతుంది? వాళ్లు విన్నది లయ, వేగం, ఒక బాలుడి అద్భుతమైన పట్టు. అది గొప్ప అనుభవమే. కానీ అదే కృతిని పాలకొల్లులో ఒక అమ్మమ్మ విన్నప్పుడు ఆమె పెదవులు కదులుతాయి. ఆమెకు రాముడితో తగువాడుతున్న త్యాగయ్య కనిపిస్తాడు. స్వరం ఇద్దరికీ ఒకటే. కథ మాత్రం అమ్మమ్మకే అందింది.

మాటతో పనిలేకుండా, కృతి ఆధారం కూడా లేకుండా వాద్యంతోనే బొమ్మ కట్టినవారు కూడా మనకున్నారు. ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రిగారు వీణ మీద ఎంత పండితులో, వాద్యబృందానికి రచనలు కూర్చడంలో అంత సాహసి. ఢిల్లీలో ఆకాశవాణి జాతీయ వాద్యబృందానికి సారథ్యం వహించారు. ఆయన రచనల పేర్లు వింటేనే తెలుస్తుంది. ఆదర్శ శిఖరారోహణం, భ్రమర విన్యాసం, స్వరతరంగిణి. ఎక్కడం, ఎగరడం, అల కావడం. అన్నీ కదలికలే. ఆయన శిష్యుడు, కాకినాడలో 1936లో పుట్టిన చిట్టిబాబుగారు కొమ్మలో కోయిల అనే రచనతో వీణను చెట్టెక్కించారు. తీగను లాగి వదలడంలో కోయిల పిలుపును అచ్చంగా రప్పించారు. ఆ పిలుపు వినగానే మామిడితోట, ఎండ, సెలవులు వరసగా గుర్తొస్తాయి. ఆ వరస వీణలో లేదు. వేసవిలో కోయిల విన్న మన బాల్యంలో ఉంది. కోయిల లేని దేశంలో పుట్టినవారికి ఆ రచన ఒక అందమైన స్వర విన్యాసం. మనకు అది చైత్రమాసం.

లోకమంతటా ఇదే పద్ధతి కనిపిస్తుంది. ఇటలీ దేశపు వివాల్డి నాలుగు ఋతువుల మీద వయొలిన్ రచనలను 1725లో అచ్చువేసినప్పుడు వాటితోపాటు చిన్న పద్యాలు కూడా జతచేశారు. వినేవారి చేతికి ఒక తాళంచెవి ఇచ్చారన్నమాట. రష్యాలో ప్రొకోఫియెవ్ 1936లో పిల్లల కోసం తోడేలు కథ కూర్చి, పక్షికి ఫ్లూటు, పిల్లికి క్లారినెట్ అప్పగించారు. ఏ వాద్యం ఎవరో చెప్పడానికి కథకుణ్ని కూడా పెట్టారు. నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది బొహీమియాకు చెందిన స్మెతనా 1874లో రాసిన వల్తావా. మన రేడియో బాణీ కట్టిన కాఫ్‌మన్ పుట్టిన సీమ కూడా అదే. అదొక నది కథ. రెండు ఊటలు రెండు చిన్న వాద్యాలుగా మొదలవుతాయి. కలిసి నది అవుతాయి. అడవిలో వేటగాళ్ల కొమ్ముబూరలు, ఒడ్డున పల్లెలో పెళ్లి నాట్యం, వెన్నెల, రాళ్ల మీద సుడులు, చివరకు రాజధాని ప్రాగ్. ఇంత రాసిన మనిషికి ఆ ఏడే వినికిడి పూర్తిగా పోయింది. చెవులు మూతపడినా ఆ నది చప్పుడు ఆయన జ్ఞాపకంలో ఉంది. తన దేశం అప్పట్లో పరాయి పాలనలో ఉంది గనక, ఆ నది కథ ఆ జనానికి తమ కథే అయింది.

ఆ రచన విన్నప్పుడల్లా నాకు కొల్లేరు గుర్తొస్తుంది. మనకూ రెండు ఏర్లున్నాయి. మైలవరం వైపు కొండల్లో మొదలై వచ్చే బుడమేరు, ఏలూరు మీదుగా దిగివచ్చే తమ్మిలేరు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో నీళ్లు నిలిచి సరస్సయ్యాయి. ఆ నీటిని సముద్రానికి దింపే ఉప్పుటేరు ఉంది. 1999లో దీన్ని అభయారణ్యంగా ప్రకటించారు, అయిదో కాంటూరు, అంటే ఎత్తు గీత, వరకు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేరింది. ఇంత కథ ఉన్న నీటికి, విన్నవాళ్లందరూ ఇది కొల్లేరే అని గుర్తుపట్టే ఒక పెద్ద వాద్యరచన కావాలి. అది ఎలా ఉండవచ్చో నా మనసులో ఉన్నది మీతో పంచుకుంటాను.

మొదట రెండు వయొలిన్లు. ఒకటి తమ్మిలేరు, ఒకటి బుడమేరు. ఏడాదిలో ఎక్కువ కాలం రెండూ సన్నగా, మధ్య మధ్య ఆగుతూ నడవాలి. వానాకాలం రాగానే హద్దు మీరాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన సంగతి మనం మరచిపోలేం. వరదను తీయగా వాయిస్తే అబద్ధం అవుతుంది. డప్పు, డోలు కలిసి తరమాలి.

రెండో భాగం వీణ. ఆలాపన సాగే తీరూ కొల్లేరు నిండే తీరూ ఒకటే. విద్వాంసుడు ముందు మంద్రంలో ఒక చిన్న చోట స్వరాలను నిలిపి, నెమ్మదిగా ఒక్కో స్వరం పైకి జరుగుతూ విస్తరించుకుంటూ పోతాడు. వేసవిలో నడిమిగుంటల్లో మిగిలిన నీరు తొలకరికి కదిలి, ఒక్కో కాంటూరూ ఎక్కుతూ లంకల అంచులు తాకే వరకు వీణ అలాగే విస్తరించాలి. తాటిదోనె మీద గెడ వేసే ఊపు కింద లయగా ఉండాలి. గెడ నేలకు తగలడం, దోనె ముందుకు జారడం, మళ్లీ గెడ ఎత్తడం. ఈ మూడు కదలికల్లో ఎంతో చక్కని త్రిశ్రగతి ఉంది.

మూడో భాగం ఫాల్గుణమాసపు కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. దానికి సన్నాయిమేళం, డప్పులు, గరగల ముందు మోగే వాద్యాలు చాలు. పట్నపు కచేరీ వాద్యాలు కాసేపు పక్కకు తప్పుకోవాలి.

నాలుగోది కొల్లేటి ఒడ్డునున్న ఆటపాక పక్షులు. ఇక్కడ కూర్చేవారికి ఒక మెలకువ కావాలి. పెద్ద గూడబాతు దాదాపు మూగది, గూళ్లలో గోలంతా పిల్లలది. అందుకని గూడబాతును వేణువుతో పలికించకూడదు. రెక్క కొట్టిన చప్పుడు మృదంగం తొప్పి మీద, అంటే ఎడమ మూత మీద, విడివిడిగా పడాలి. రెండు మూడు దెబ్బలు, తర్వాత గాలిలో తేలిపోయినంతసేపు నిశ్శబ్దం. పిల్లల గోల మాత్రం మాండలిన్ మీద.

అయిదో భాగం చెరువులు. చేపల చెరువుల గట్లు సరస్సును గళ్లు గళ్లుగా కోసిన కథ చెప్పకుండా కొల్లేరు కథ పూర్తికాదు. వీణ విస్తరించిన అదే రాగాన్ని తీసుకుని నాలుగేసి మాత్రల ముక్కలుగా నరికి, ఒక్కో ముక్క మధ్యా కంజీర దెబ్బ గట్టులా నిలబడితే వినేవారికి ఊపిరాడదు. 2006లో ప్రభుత్వం గట్లు కొట్టించింది. అప్పుడు రాగం కొంత విడుదల పొందాలి, కొంత గాయంతోనే మిగలాలి. చెరువుల మీద బతికిన కుటుంబాల బాధ కూడా అక్కడ ఉంది. చేపలు పట్టి తరతరాలుగా నీటినే నమ్ముకున్న లంకవాసుల బతుకు ఉంది. వాద్యానికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. తప్పు ఎవరిదని తీర్పు చెప్పకుండా, రెండు బాధలను రెండు తీగల మీద ఒకేసారి పలికించగలదు.

చివరిది ఉప్పుటేరు. నీరు సముద్రానికి దిగుతుంది, పోటు వేళ ఉప్పునీరు వెనక్కి ఎదురొస్తుంది. దానికి వక్రరాగం కావాలి. రెండడుగులు ముందుకు వేసి ఒకడుగు వెనక్కి తీసి మళ్లీ సాగే స్వరసంచారం మన సంగీతంలో సహజంగా ఉంది. ఏ కృతినీ అరువు తెచ్చుకోనక్కర్లేదు.

ఇది రాయగలవారు మన మధ్య లేకపోలేదు. వీణ, వయొలిన్, సన్నాయి, డప్పు నేర్చిన పిల్లలు ఈ జిల్లాల్లో ఉన్నారు. నా భయం వాయించేవారి గురించి కాదు, వినేవారి గురించి. గెడ వేసిన చేతులు ముసలివవుతున్నాయి. దోనె మీద కొల్లేరు దాటిన జ్ఞాపకం ఒక తరంతో ఆగిపోయేట్టుంది. రోడ్డు మీంచి సరస్సును చూసిన పిల్లవాడికి నీళ్ల మధ్య నుంచి విన్న చప్పుళ్లు తెలియవు. గట్టిమేళం అర్థం తెలిసినవాడు ఉంటేనే గట్టిమేళం పనిచేస్తుంది. అదే విధంగా కొల్లేటి చప్పుడు తెలిసిన చెవులు ఉంటేనే కొల్లేటి రచన కథ చెబుతుంది. ఆ చెవులు లేని రోజున ఎంత గొప్పవారు రాసినా, అది నీటి మీద రాసిన ఒక అందమైన బాణీ అవుతుంది, అంతే.

అందుకని మూడు కోరికలు. సంగీతం నేర్పే గురువులకు ఒకటి. కృతి నేర్పేటప్పుడు వాద్యం పట్టిన పిల్లలచేత ముందు సాహిత్యం చెప్పించండి, అర్థం చెప్పించండి, పాడించండి, ఆ తర్వాతే తీగ ముట్టనివ్వండి. సుబ్బరాజుగారు పాలకొల్లు పసివాడికి చేసింది అదే. లంకగ్రామాల పెద్దలకు రెండోది. మీ మనవలను ఒక్కసారి దోనె ఎక్కించండి. ఏ చప్పుడు దేనిదో చెప్పండి. డప్పు దెబ్బల్లో తేడాలు, జాతర మేళంలో ఘట్టాలు మీకు తెలిసినన్ని రికార్డు చేయించండి. మీ చేతిలో ఉన్న ఫోను చాలు.

మూడోది శ్రోతలైన మీకు. రేడియోలో వాద్య సంగీతం రాగానే ఏదో కార్యక్రమాల మధ్య ఖాళీ నింపడానికి వేశారనుకుని గొంతు తగ్గించకండి. ఏ కృతో తెలుసుకుని, దాని మాటలు ఒకసారి చదివి, తర్వాత వయొలిన్ మీద అదే కృతి కడదాకా వినండి. కమాను ఎక్కడ తిరిగిందో, ఏ అక్షరం మీద ఒత్తు పడిందో గమనించండి. రెండు మూడు కృతులు అలా విన్నాక మీకే తెలుస్తుంది, వాద్యం మౌనంగా లేదని, ఇన్నాళ్లూ మన వైపు సగం ఖాళీగా ఉందని. మన సగం మనం నింపుకుంటే, కొల్లేటి కథ వాయించడానికి విద్వాంసులు తప్పకుండా ముందుకొస్తారు. వినేవారున్నారని తెలిస్తే రాయని కళాకారుడు ఉండడు.